సూర్యా రేసింగ్, జురాంగ్ వెస్ట్

వంటింట్లో సింకు పక్కన ఆ పంచదార డబ్బా ఇంకా అలాగే ఉంది. బాబాయి పోయి నెలయింది. మాసికానికని సింగపూరు వెళ్ళాను, చేతులు కడుక్కుందామని వంటింట్లో అడుగుపెడితే మొదట కంటబడింది అదే. ఎప్పటిదో పాలపొడి రేకు డబ్బా. కాఫీలో వేసే పంచదార వేరే సీసాలో ఉంటుంది, ఇది బాబాయి చేతులకి. కార్ల కింద దూరి పనిచేసే మనిషి చేతుల నలుపు సబ్బుకి లొంగదు. అందుకని ఆయన అరచేతిలో కాస్త పంచదార పోసుకుని, దాని మీద నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసుకుని, గోళ్ళ సందుల్లోంచి మురికి ఊడేదాకా తీరిగ్గా రుద్దుకునేవాడు. సింకు చుట్టూ చీమలు బారులు కట్టేవి. మా పిన్ని తిట్టేది, తిడుతూనే డబ్బా నింపేది. తరవాత కారు ప్రమాదం జరిగింది. ఆ రోజు నించీ ఆయన పోయేదాకా, ఇరవై ఏళ్ళ పైమాటే, పిన్ని ఆయనతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. మొన్న ఆ డబ్బా మూత తీసి చూశాను. అంచు దాకా పంచదార ఉంది.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు, వరలక్ష్మి. బాబాయి పేరు సూర్యనారాయణ. విశాఖపట్నంలో ఓడలకి వెల్డింగు చేస్తూ, అక్కణ్ణుంచి సింగపూరులో సెంబవాంగ్ షిప్‌యార్డుకి పర్మిట్ మీద వచ్చాడు. పనిమంతుడు కాబట్టి ఫోర్‌మన్ అయ్యాడు, అప్పుడు పిన్నినీ, చంటివాడు రవినీ తెచ్చుకుని జురాంగ్ వెస్ట్‌లో కాపురం పెట్టాడు. ఓడల మనిషికి కార్ల పిచ్చి ఎలా పట్టిందని నేనే ఒకసారి అడిగాను. ఈ దేశంలో కారుకి పదేళ్ళు నిండితే ఇంక దాన్ని ఉంచుకోవడం తలకి మించిన భారం, నిక్షేపంలాంటి బండిని తీసుకెళ్ళి తుక్కులో పడేస్తారు. మన వైపు అయితే అదే బండి ఇంకో మూడు పెళ్ళిళ్ళు, ఆరు బారసాలలు చూసేది. "ప్రాణం ఉన్నదాన్ని పాతిపెడుతున్నట్టు ఉండేదమ్మా" అన్నాడు బాబాయి. అలా తుక్కుకి పోతున్న ఒక జపాన్ కారుని తెచ్చి, సీట్లూ తివాచీలూ పైకప్పు గుడ్డా అన్నీ పీకేసి, ఉత్త ఇనప డొల్ల మిగిల్చి, లోపల పైపులతో పంజరంలా వెల్డింగు చేశాడు. కారు పల్టీ కొట్టినా మనిషి నలిగిపోకుండా కాపాడేది ఆ పంజరమే. ఇలా మామూలు కార్లనే ఒలిచి, బలం కట్టి పరిగెత్తించే పందేలు కాజ్‌వే వంతెన దాటితే మలేషియా వైపు జొహోర్‌లో జరిగేవి. మొదట సరదాకి వెళ్ళాడు. తరవాత షిప్‌యార్డు ఉద్యోగం మానేసి, జురాంగ్‌లో ఒక షెడ్డు అద్దెకి తీసుకుని, దాని మీద సూర్యా రేసింగ్ అని బోర్డు రాయించాడు. ఇల్లు పీకి పందిరి వేశాడని మా అమ్మ ఫోనులో గోలపెట్టింది. వేసిన పందిరి మాత్రం చాలా ముచ్చటగా ఉండేది.

నేను వెళ్ళేసరికి ఆ పందిరి కింద అందరూ సుఖంగానే ఉన్నారు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడి లోకం తలకిందులవుతుందని అందరూ గుండెలు బాదుకుంటున్న రోజులవి. ఆ బాదుడు పుణ్యమా అని నాలాంటివాళ్ళకి విమానం టిక్కెట్లు దొరికాయి. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక అద్దాల మేడలో కూర్చుని, ఎవరో పాతికేళ్ళ కిందట రాసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసేదాన్ని. సాయంత్రం ట్రైను దిగి పిన్ని ఇల్లు చేరితే తలుపు దగ్గరే పెట్రోలు వాసన, దాని వెనక చింతపండు పులుసు వాసన. బాబాయి పని బట్టలు మిగతా బట్టలతో కలిపితే పిన్ని ఊరుకునేది కాదు. వాటికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు. నానబెట్టే ముందు జేబులు చూడడం నా వంతు, ఎందుకంటే ఒకసారి జేబులో మరిచిపోయిన పెద్ద నట్టు వాషింగ్ మెషీను డ్రమ్ముని సొట్టలు పెట్టింది. ఆ బట్టలు ఉతికాక వెదురు కర్రలకి గుచ్చి కిటికీ బయటికి తోసి ఆరేసేవాళ్ళం, గాలికి ఆ నీలం చొక్కా చేతులు ఊపేది. కింద నించి వస్తూ బాబాయి తన చొక్కాకి తనే చెయ్యి ఊపేవాడు. అదీ ఆయన వరస.

డ్రైవరు రవి. అక్కడ మగపిల్లలందరూ చెయ్యాల్సిన మిలిటరీ సర్వీసు ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చాడు. తెలుగు అర్థమయ్యేది గాని జవాబు ఇంగ్లీషులోనే, మాట చివర అక్కడివాళ్ళ 'లా' ఒకటి తగిలించి. "రవీ, అన్నం తిన్నావేటి?" అని పిన్ని అడిగితే, "ఈటెన్ ఆల్రెడీ లా, మా" అనేవాడు. "తిన్నాను అని అంటే నీ సొమ్మేం పోతాదిరా గుంటడా" అని పిన్ని. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం వాడు వేరే మనిషి. పక్కన బ్రహ్మాండం బద్దలైనా తలతిప్పడు. బాబాయి మెకానిక్కు, మేనేజరు, లారీ డ్రైవరూ. పిన్ని వంట. పందెం ముందు రోజు పులిహోర కలిపి, వేయించిన మిరపకాయలు డబ్బాకెక్కించేది. ట్రాక్‌లో అడుగుపెట్టగానే కార్లు నిలిపే షెడ్లలో నీడ ఉన్నచోటు చూసి, బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి ఈ చోటు మాది అని చోప్ చేసేది, అచ్చం తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కుర్చీకి చేసినట్టే. పెద్ద టీముల మలేషియా కుర్రాళ్ళు మా షెడ్డు ముందు ఊరికే అటూ ఇటూ తచ్చాడేవాళ్ళు. పిన్ని పిలిచి పెడితే "ఆంటీ, వెరీ షియోక్" అని లొట్టలేసేవాళ్ళు.

నేను చేసిన సాయం ఒకటుంది. మా ఆఫీసులో పనిచేసి బయటికి పోయి సొంతంగా ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన కుర్రాడొకడు, కారు మీద తన పేరు వేస్తే ఖర్చు భరిస్తానన్నాడు. వాళ్ళేం అమ్ముతారో నాకు తెలీదు, వాళ్ళకీ తెలిసినట్టు లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పట్లో ఊరంతా అలాంటి సోమలింగాలే. అయినా బాబాయి బానెట్ మీద ఆ పేరుని ఎర్ర రంగుతో ఎంత శ్రద్ధగా రాశాడంటే, గుడి గోపురానికి రంగులేస్తున్నాడనుకోవాలి. రంగు బాగా ఎండే లోపలే కంపెనీ ఎగిరిపోయింది. పేరు మాత్రం కారు మీద ఉండిపోయింది, చెరపడానికి బాబాయికి మనసొప్పలేదు.

ఇంక నిమ్మకాయల సంగతి. లారీ కదిలినా, కారు కదిలినా పిన్ని నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాలి, అవి చితికితే గాని బయల్దేరకూడదు. మనింట్లో కొత్త బండి వస్తే చేసేదే. మా వాళ్ళు ప్రతి పందేనికీ చేసేవాళ్ళు. ట్రాక్ మీదికి పోయే ముందు కారు ముందు కొబ్బరికాయ తిప్పి, నిమ్మకాయల మీంచి బండి కదిలాక గాని పిన్ని ఊపిరి తీసుకునేది కాదు. చాలా కాలం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ తరవాత, షెడ్డు ముందు దారి జారుడుగా అవుతోందని, తొక్కలు చక్రాలకి అంటుకుంటున్నాయని ఒక అధికారి వచ్చి మర్యాదగానే చెప్పాడు, ఇకమీదట వద్దన్నాడు. ఆయన అన్నదీ న్యాయమే. బాబాయి తల ఊపాడు. "దేవుడు ఇక్కడికి రాకుండా బోర్డు పెట్టలేదు కదే, మనసులో దణ్ణం పెట్టుకో" అని పిన్నికి నచ్చజెప్పాడు. పిన్ని ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టు కాదని ఆవిడ తోడబుట్టిన మా అమ్మని చూసైనా నేను గ్రహించాల్సింది.

ఆ మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాసింది. అధికారులు కార్లన్నీ తనిఖీ చేసి వెళ్ళాక, బాబాయి టైర్ల గాలి చూసుకుంటుంటే, రవి హెల్మెట్ పెట్టుకుంటుంటే, పిన్ని ఒక్కసారి కారు దగ్గరికెళ్ళి తలుపులోంచి వంగి సీటుని తాకి కళ్ళకద్దుకుంది. ఇంకేదో చేసిందని నేననుకోలేదు. పందెం మొదలైంది. రవి ముందున్న కార్లని ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వస్తున్నాడు. పొడుగు దారి చివర గట్టి మలుపు ఒకటుంది, అక్కడ ప్రతివాడూ బ్రేకు మీద నిలబడాల్సిందే. రవి కారు ఆగలేదు. ఏ మాత్రం వేగం తగ్గకుండా తిన్నగా పోయి టైర్ల గోడని చీల్చుకుని దాని వెనకున్న ఇనప కమ్మీకి గుద్దుకుంది. ఆ చప్పుడు మా దగ్గరికి ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. పిన్ని చేతిలో పులిహోర గిన్నె అలాగే ఉంది.

బాబాయీ నేనూ పరిగెత్తాం. రవిని బయటికి తీసేసరికి స్పృహ ఉంది, కుడి కాలు మోకాలి కింద చూడలేకపోయాను. పైపుల పంజరం ఒక్కచోట కూడా వంగలేదు. బాబాయి కట్టిన పంజరం వాడి ప్రాణం నిలబెట్టింది, ఆ మాట తరవాత ఎవరూ అనలేదు కాబట్టి ఇక్కడ నేను రాసుకుంటున్నాను. అంబులెన్సు తలుపు వేస్తుంటే బాబాయి ఒక్క అడుగు వెనక్కి వేసి, నలిగిన కారులోకి భుజం దాకా చెయ్యి పెట్టి, పెడల్స్ దగ్గర దేన్నో తీసి జేబులో వేసుకున్నాడు. పానా ఏదైనా అయి ఉంటుందనుకున్నాను.

ఆసుపత్రి వరండాలో డాక్టరు వచ్చి కాలు తీసెయ్యక తప్పదని, ప్రాణానికి మాత్రం భయం లేదని చెప్పాడు. పిన్ని ఏడుస్తూనే రెండు చేతులూ జోడించింది.

"అమ్మ తల్లే కాపాడింది. నేనే పెట్టానండీ. ఆళ్ళు చక్రాల కింద వొద్దన్నారు గదా, అందుకని ఎవరూ సూడకుండా సీటు కింద ఒక నిమ్మకాయ పెట్టాను. అది లేకపోతే నా కొడుకు దక్కేవోడు కాడు" అంది.

బాబాయి ఆవిడ మొహం వైపే చూస్తున్నాడు. కుడి చెయ్యి జేబులోనే ఉంది.

"కారెందుకు ఆగలేదు?" అని పిన్ని ఆయన చొక్కా పట్టుకుంది. "బ్రేకులు సూసేది మీరే గదా? ఎందుకాగలేదు, సెప్పండి!"

"బ్రేకు పైపు బిగింపు..." అని ఆగి, "ఇంకోసారి చూసుకోవాల్సింది. చూసుకోలేదు. తప్పు నాదే వరలక్ష్మీ" అన్నాడు బాబాయి.

పిన్ని చొక్కా వదిలేసింది. ఆ వదిలెయ్యడమే, మళ్ళీ ఆయన్ని తాకలేదు. అధికారులకీ బాబాయి అదే మాట చెప్పాడు. కారు ముందు భాగం తుక్కు తుక్కు అయిపోయింది కాబట్టి వాళ్ళు ఆయన మాటే తీసుకున్నారు.

మర్నాడు బట్టలు మార్చుకుని వద్దామని బాబాయీ నేనూ ఇంటికొచ్చాం. అలవాటు చొప్పున ఆయన పని బట్టలు వేరే బకెట్టులో వెయ్యబోతూ జేబులు చూశాను. కుడి జేబులో నిమ్మకాయ. ఒక వైపు బల్లపరుపుగా చితికి, ఆ చితికిన తొక్క మీద బ్రేకు పెడల్ వెనక వైపు అంచుల గీతలు అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. తివాచీలు పీకేసిన ఉత్త ఇనప నేల మీద అది సీటు కింద నించి దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద చేరింది. బిడ్డ బ్రేకు తొక్కాడు. నేను దాన్ని పట్టుకుని నిలబడి ఉంటే వెనక నించి బాబాయి వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు. వంటింటి గోడకుండే చెత్త గొట్టం మూత తెరిచి అందులో వదిలాడు. అంతస్తులన్నీ తగులుకుంటూ అది కిందికి పోయిన చప్పుడు మేమిద్దరం చివరిదాకా విన్నాం.

"బాబాయ్, పిన్నికి చెప్పు. నువ్వెందుకు..." అన్నాను.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా" అన్నాడు. "ఇది తెలిస్తే మీ పిన్ని బతకదు. నా మీద కోపం పెట్టుకునైతే బతుకుతుంది. బతకనీ." అని పంచదార డబ్బా మూత తీసి, చేతులకి మురికి లేకపోయినా రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను నీళ్ళ కుళాయి తిప్పి, ఏడుపు వినబడకుండా ఎక్కువ ధారలో వదిలాను.

సూర్యా రేసింగ్ అలా ముగిసింది. కన్నకొడుకు కారుకే బ్రేకులు సరిచూసుకోని మనిషికి తమ కారు ఎవరిస్తారు? ఆ మాట షెడ్ల వెంట పాకింది, బాబాయి కాదనలేదు. పంజరాన్ని తనే గ్యాసు మంటతో ముక్కలు కోసి తుక్కుకి పంపాడు. మళ్ళీ సెంబవాంగ్ షిప్‌యార్డుకి వెళ్ళి, ఒకప్పుడు ఫోర్‌మన్‌గా తిరిగిన చోట మామూలు వెల్డరుగా చేరాడు. తెల్లారకుండా లేచి దీవి ఈ మూల నించి ఆ మూలకి ట్రైనులో పోయేవాడు. పిన్ని ఆయనకి వేళకి వండిపెట్టేది. కంచం మీద మూత బోర్లించి బల్ల మీద పెట్టి, "రవీ, ఆ మనిషికి అన్నం పెట్టానని సెప్పు" అని లోపలికి పోయేది. చుట్టాలొస్తే కథంతా చెప్పేది: "ఆ మనిషి సేతి పని నా కొడుకుని సంపబోయింది, నా నిమ్మకాయ బతికించింది." బాబాయి అక్కడే కూర్చుని విని, మంచినీళ్ళు తాగి లేచిపోయేవాడు. ఆ మాట వినలేకే, నా ఉద్యోగం గడువు ముగియగానే నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. పైకి మాత్రం వేరే కారణాలు చెప్పాను.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, దాని చోట పది అంతస్తుల మేడ లేచింది. పందేల ట్రాక్ కూడా మూతపడిందట. రాఫెల్స్ ప్లేస్‌లో నేను కూర్చున్న చోట ఎవరో కొత్త పిల్లలు ఇంకేదో భయాన్ని బాగుచేస్తూ ఉంటారు. మాసికం అయిన సాయంత్రం రవి నన్ను కింద హాకర్ సెంటరుకి తీసుకెళ్ళాడు. కట్టుడు కాలుతో చక్కగా నడుస్తాడు, అలవాటు లేనివాళ్ళు పోల్చుకోలేరు. జుట్టు నెరిసింది. టీ పెట్టుకుని కూర్చున్నాక, "అక్కా, నీకు తెలుసు కదా" అన్నాడు.

"ఏది?"

"లెమన్ లా."

నా చేతిలో కప్పు బల్ల మీద పెట్టేశాను.

"బ్రేక్ కొడితే పెడల్ సగంలో ఆగిపోయింది అక్కా. అండ్ దెన్ ఆ స్మెల్. హెల్మెట్ లోపలికి కూడా వచ్చింది. హాస్పిటల్లో నేను లేచేసరికి పా ఆల్రెడీ చెప్పేశాడు, తన తప్పే అని. ఇంక నేనేం చెప్పను? అమ్మని చూస్తావా, పా ని చూస్తావా?"

"నీకు తెలుసని ఆయనకి తెలుసా?"

"డోంట్ నో. ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బట్ ఇంట్లో నిమ్మకాయ ఊరగాయ పెడితే నేను తినను, పా కూడా తినడు. అమ్మ తిట్టేది, తండ్రీకొడుకులకి ఏటి రోగం అని. మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు." వాడు కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "ట్వెంటీ ఇయర్స్, అక్కా. ఆయన ఒక్కసారి కూడా తప్పు నాది కాదు అనలేదు."

మర్నాడు నా ప్రయాణం. పెట్టె సర్దుతుంటే పిన్ని వచ్చి మంచం మీద కూర్చుంది. చిక్కిపోయింది, మెడలో నల్లపూసలు లేక ఖాళీగా ఉంది.

"ఆసుపత్రిలో ఆకరు దినం నా సెయ్యి పట్టుకున్నాడే" అంది. ఇన్నేళ్ళలో ఆయన్ని 'ఆ మనిషి' అనకపోవడం అదే మొదటిసారి. "అయిపోయిందిలే, నాకు కోపం లేదు, అని ఒక్క మాట అందామని గొంతుక దాకా వొచ్చింది. నోరు పెగల్లేదు. నా నోరు పడిపోను, పెగల్లేదు."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఒకటి సెప్పు. ప్రతి బిగింపూ రెండుసార్లు సూసుకునే మనిషి. నిద్దట్లో కూడా సూసుకునే మనిషి. ఆ పొద్దు ఎందుకు సూసుకోలేదంటావు?"

నా నోటి చివరిదాకా వచ్చింది. బాబాయి పోయాడు, ఇంక ఆయన పేరైనా కడిగేద్దామనిపించింది. ఆ మాట చెబితే ఈ ముసలి ప్రాణం రాత్రి ఎలా పడుకుంటుంది, రేపు కొడుకు కట్టుడు కాలుని ఏ కళ్ళతో చూస్తుంది? వంటింట్లోంచి ఫ్రిజ్జు చప్పుడు వినబడుతోంది.

"మనుషులం కదా పిన్నీ" అన్నాను. "మరిచిపోయి ఉంటాడు."

చేయని తప్పుని ఆయన మీద ఇంకోసారి నేనే వేశాను. ఆయన వింటే సంతోషించేవాడు, అదే నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది. పిన్ని తల ఊపి, "అంతేలే, పాపం, మరిసిపోయుంటాడు" అంది. "పాపం" అన్న మాట ఆయన గురించి ఆవిడ నోట విని ఎన్నేళ్ళయిందో.

కింద టాక్సీ వచ్చింది. రవి పెట్టె ఎక్కించాడు. పిన్ని మెట్ల దగ్గర ఆయాసపడుతూ నిలబడి, కొంగు ముడి విప్పి ఒక నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. "దూరం పోయేదానివి. కాళ్ళ దగ్గర పెట్టుకో, ఏటీ కాదు" అంది. నేను రవి వైపు చూశాను, వాడు రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆవిడకి దణ్ణం పెట్టి టాక్సీ ఎక్కాను. చాంగీ ఎయిర్‌పోర్టు చేరేదాకా, మలుపు వచ్చిన ప్రతిసారీ వేళ్ళు ఇంకా బిగించి, ఆ నిమ్మకాయని రెండు చేతుల్లో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను.